గుడ్డముక్క వెనకవైపు

సైనికుడి చొక్కా చేతి మీద, భుజానికి కాస్త కిందగా కుట్టే గుడ్డముక్కకు సైన్యం పెట్టుకున్న పేరు ఫార్మేషన్ సైన్. సేకరించేవాళ్లు దాన్ని ప్యాచ్ అంటారు. ఊళ్లలో దానికి బ్యాడ్జీ అన్న మాటే చాలు. అరచేతిలో ఇమిడే ఆ ముక్క, దాన్ని తొడుక్కున్నవాడు ఏ డివిజన్‌లో, ఏ కోర్‌లో, ఏ ఆర్మీలో పనిచేశాడో చెబుతుంది. చెప్పేది మాత్రం బొమ్మతోనే. మొదటి ప్రపంచ యుద్ధంలో బండి మీద డివిజన్ నంబరు రాయడమంటే శత్రువుకు లెక్క అప్పజెప్పడమే. అందుకని నంబర్లు మాని పిల్లి, పుంజు, పేకముక్క, బాకు లాంటి గుర్తులు వేసుకోవడం మొదలైంది. బండ్ల మీద మొదలైన ఆ గుర్తు చొక్కాల మీదికి ఎక్కింది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి భారత సైన్యంలో దాదాపు ప్రతి డివిజన్‌కూ సొంత బొమ్మ ఉంది.

ఈ బొమ్మలు ఎక్కడ తయారయ్యాయన్న దగ్గరే సేకరణ విద్య మొదలవుతుంది. బ్రిటన్‌లో ఉన్న దళాలకు మిల్లుల్లో అచ్చు వేసిన నూలు ప్యాచ్‌లు అందాయి. భారతదేశంలో అలా కుదరలేదు. 1939లో రెండు లక్షలకు అటూ ఇటూగా ఉన్న భారత సైన్యం 1945కి పాతిక లక్షలకు చేరింది. ఓడల్లో తుపాకులకే చోటు చాలని రోజుల్లో గుడ్డ బొమ్మలను ఎవరు పంపుతారు? ఒక డివిజన్ అంటే ఇంచుమించు పదిహేను వేల మంది. చేతికొకటి చొప్పున మనిషికి రెండు, అదీ ఒక్క చొక్కాకే. కొత్త డివిజన్ లేచిన ప్రతిసారీ ఆ వేలాది ముక్కలను కంటోన్మెంటు బజారులోని దర్జీలు, ఎంబ్రాయిడరీ పనివాళ్లు, అద్దకంవాళ్లే తయారుచేశారు. నమూనాగా ఒక కాగితం బొమ్మ వస్తుంది, ఒక్కోసారి నోటి మాటే వస్తుంది. చేతిలో ఉన్న గుడ్డ, బజారులో దొరికిన దారం, పనివాడి కంటి లెక్క, ఈ మూడూ కలిసి ప్యాచ్ అయ్యేది. అందుకే ఒకే డివిజన్ గుర్తు పది రకాలుగా కనబడుతుంది. బజారులో కుట్టిన ఇలాంటి వాటినే సేకరించేవాళ్లు యుద్ధరంగంలో స్థానికంగా చేసినవని విడిగా లెక్కవేస్తారు. మిల్లు సరుకు కన్నా వీటికే విలువ ఎక్కువ ఇస్తారు.

తెలుగు నేలకు దగ్గరి ఉదాహరణ సికింద్రాబాద్. 19వ భారత పదాతి డివిజన్ 1941 అక్టోబరులో అక్కడే పుట్టింది. దాని గుర్తు ఎర్ర నేల మీద పసుపు రంగులో, బాకు పట్టి పొడుస్తున్న చెయ్యి. డాగర్ డివిజన్ అన్న పేరు అలా వచ్చింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాక తూర్పు తీరమంతా బిక్కుబిక్కుమంటున్న కాలంలో ఈ డివిజన్ మద్రాసు ప్రాంతంలో కాపలా కాసింది. మేజర్ జనరల్ టి. డబ్ల్యు. రీస్ నాయకత్వంలో 1944 చివర బర్మాలో అడుగుపెట్టింది. 1945 జనవరిలో ఇరావతి నదిని దాటింది, మార్చిలో మాండలేను పట్టుకుంది. అంటే యుద్ధంలోకి దిగకముందే దాదాపు మూడేళ్లు దక్షిణాది కంటోన్మెంట్లలో గడిపింది. ఆ మూడేళ్లలో ఎన్ని చొక్కాలు చిరిగాయో, ఎన్ని ప్యాచ్‌లు మారాయో ఊహించుకోవచ్చు. డాగర్ ప్యాచ్‌లలో ఇన్ని రకాలు దొరకడానికి కారణం అదే.

ఈ డాగర్‌తో తికమకపెట్టేది 20వ డివిజన్. అది 1942లో బెంగళూరులో లేచింది. దాని గుర్తులోనూ ఆయుధం పట్టిన చెయ్యే ఉంటుంది. కానీ అది వంపు తిరిగిన కత్తి, నల్ల నేల మీద తెల్లగా ఉంటుంది. రంగు వెలిసి మాసిపోయిన ముక్క చేతికొస్తే ముందు చూడాల్సింది కత్తి వంపు. రంగును నమ్మితే మోసపోతారు, ఎందుకంటే బజారు అద్దకపు ఎరుపు నాలుగు ఉతుకులు పడేసరికి వెలిసి మరో రంగులోకి దిగుతుంది. 25వ డివిజన్‌ది పేకముక్కల్లోని ఇస్పేటు ఆసు. 17వ డివిజన్‌ది పసుపు మీద నల్ల పిల్లి. 23వ డివిజన్‌ది పందెం పుంజు. 26వ డివిజన్‌ది బెంగాల్ పులి. 5వ డివిజన్‌ది నల్ల నేల మీద ఎర్రటి గుండ్రని ముద్ద, దానికి అగ్నిగోళమని పేరు. 7వ డివిజన్‌ది బంగారు బాణం. 4వ డివిజన్‌ది ఎర్ర గద్ద. ఈ డివిజన్లలో చాలావాటి మీద బర్మాలో పెత్తనం చేసిన 14వ ఆర్మీది ఎర్ర డాలు, దాని మీద మొన కిందికి దించిన కత్తి. బొమ్మల మర్యాద ప్రకారం కత్తి మొన పైకే ఉండాలి. ఆ ఆర్మీని నడిపిన జనరల్ స్లిమ్ కావాలనే తిప్పి పెట్టాడు. తాను ఉత్తరం నుంచి దక్షిణానికి దిగి బర్మాను గెలవాల్సి ఉందన్నది ఆయన ఇచ్చిన సంజాయిషీ.

జంతువు బొమ్మ ఉన్న ప్యాచ్ చూసి కొత్తవాళ్లు తరచుగా ఒక పొరపాటు చేస్తారు. పుంజు కుడివైపు చూస్తున్న ముక్క ఒకటి, ఎడమవైపు చూస్తున్నది మరొకటి దొరికితే ఒకటి తప్పుగా కుట్టారనుకుంటారు. నిజానికి అవి జత. సైనికుడు నడుస్తుంటే రెండు చేతుల మీదా జంతువు ముందుకే చూడాలి. కాబట్టి ఎడమ చేతికొకటి, కుడి చేతికొకటి అద్దంలో బొమ్మలా తిరగేసి కుట్టారు. ఒకే చేతి పనితనంతో, ఒకే దారంతో, ఒకే మాపుతో ఆ జత చెదరకుండా దొరికితే దాని విలువ విడి ముక్కకు రెట్టింపు కన్నా ఎక్కువే.

తెలుగువాళ్లు తప్పకుండా ఆగి చూడాల్సింది హైదరాబాద్ అన్న మాట ఉన్న భుజపట్టీ దగ్గర. అది రెండు వేర్వేరు దళాలది కావచ్చు. ఒకటి బ్రిటిష్ భారత సైన్యంలోని 19వ హైదరాబాద్ రెజిమెంటు. దాని మూలం నిజాం రాజ్యంలో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న హెన్రీ రస్సెల్ పేరు మీద 1813 ప్రాంతంలో లేచిన రస్సెల్ బ్రిగేడ్‌లో, దాని వెనక వచ్చిన హైదరాబాద్ కంటింజెంటులో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి అందులో పేరు తప్ప హైదరాబాద్ మిగల్లేదు. సైనికుల్లో ఎక్కువమంది కుమావూనీలు, జాట్లు, అహీర్లు. 1945 అక్టోబరు 27న దాని పేరు కుమావూన్ రెజిమెంటుగా మారింది. రెండోది నిజాం సొంత సైన్యం, అంటే హైదరాబాద్ సంస్థాన దళాలు. వాటిలోని పదాతి పటాలం 1941 డిసెంబరు 8న జపాన్ సైన్యం మలయాలోని కోట భారు దగ్గర దిగినప్పుడు అక్కడి విమానాశ్రయానికి కాపలాగా ఉంది. విచిత్రం ఏమిటంటే, 19వ హైదరాబాద్ రెజిమెంటు నాలుగో పటాలం కూడా అప్పుడు మలయాలోనే పోరాడింది. ఒకే పేరు, ఒకే యుద్ధరంగం, రెండు సైన్యాలు. పట్టీ మీద హైదరాబాద్ అని ఉన్నంత మాత్రాన ఏది ఏదో చెప్పడం కష్టం. అయితే రెజిమెంటుది అని వేరే ఆధారంతో తేలితే తేదీ విషయంలో మేలు జరుగుతుంది. ఆ పేరు 1945 అక్టోబరుతో ఆగిపోయింది కాబట్టి పట్టీ అంతకు ముందుదే అయి ఉండాలి.

ఇక పనితనం. స్థానికంగా చేసిన ప్యాచ్‌లు ముఖ్యంగా అయిదు తోవల్లో తయారయ్యాయి. వాటిలో అద్దకం అన్నిటికన్నా చవక. చెక్క అచ్చుతోనో తెరతోనో నూలు డ్రిల్లు గుడ్డ మీద రంగు కొట్టేవాళ్లు. అచ్చు ఒక రంగుకు, రెండో రంగుకు మధ్య వెంట్రుకవాసి జరిగితే గీత పక్కన తెల్ల సందు మిగిలిపోతుంది. పెడన అద్దకం చీరలు చూసిన కళ్లకు ఆ సందు కొత్తది కాదు. రంగు వెనకవైపుకు ఎంత దిగిందో చూస్తే చేతి అద్దకమా, యంత్రం అద్దకమా తెలుస్తుంది. రెండోది ఉన్ని గుడ్డ లేదా ఫెల్టు కత్తిరించి అతికే పని. ఇస్పేటు ఆసు, అగ్నిగోళం లాంటి సాదా బొమ్మలకు ఇది సరిపోయింది. మూడోది చేతి సూదితో నింపిన కుట్టు. నాలుగోది కాలితో తొక్కే కుట్టుమిషను మీద గుడ్డను చేత్తో అటూ ఇటూ జరుపుతూ దారంతో నింపడం. దాని వెనక బాబిన్ దారం పైదారం కన్నా వేరే రంగులో, ఎక్కువగా తెల్లగా ఉంటుంది. దర్జీ దగ్గర అన్ని రంగులకూ బాబిన్లు ఎక్కడ ఉంటాయి?

అయిదోది అధికారులకు, పండగపూట దుస్తులకు చేసిన జర్దోసి పని. ఇంగ్లీషు కాటలాగుల్లో బులియన్ అంటారు. ఈ పని తెలుసుకోవడానికి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పాఠకులు మ్యూజియందాకా పోనక్కర్లేదు. పెళ్లిళ్ల కాలంలో మగ్గం వర్క్ చేసే అంగడిలోకి తొంగిచూస్తే చాలు. రవికె గుడ్డను నాలుగు కర్రల మగ్గానికి బిగించి, ట్రేసింగ్ కాగితం మీది బొమ్మకు సూదితో చిల్లులు పొడిచి, కిరసనాయిల్లో కలిపిన పొడి రుద్ది గుడ్డ మీదికి దించుతారు. తర్వాత స్ప్రింగులా చుట్టిన సన్నటి తీగను గింజంత ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ముక్కను పూసలా సూదికి ఎక్కించి కుడతారు. ఆ తీగకే అంగట్లో జర్దోసి అని పేరు. సైన్యం బ్యాడ్జీ కూడా సరిగ్గా ఇలాగే తయారయ్యేది. తేడా అల్లా ఎత్తులో ఉంది. రవికె మీద పని ఒంటికి అంటుకుని ఉండాలి కాబట్టి పల్చగా వేస్తారు. బ్యాడ్జీలో బొమ్మ ఉబ్బెత్తుగా నిలబడాలి కాబట్టి కింద నూలు దారం గుత్తులో, అట్టముక్కో పరిచి, దాని మీద తీగను వాలుగా, ఇటుకలు పేర్చినట్టు వేస్తారు. ఆ వాలు అంతటా ఒకే కోణంలో ఉంటే చెయ్యి తిరిగినవాడు చేసిన పని అని అర్థం. ఒకచోట నిటారుగా, ఒకచోట పడుకున్నట్టుగా ఉంటే నేర్చుకునే కుర్రాడి చెయ్యి.

ఇప్పుడు ముక్కను తిరగేయాలి. అమ్మేవాడు ముందువైపు చూపిస్తాడు, కొనేవాడు వెనకవైపు చూడాలి. ముందువైపు బొమ్మను ఎవరైనా అనుకరించగలరు. వెనకవైపు ఎవరూ చూడరన్న ధీమాతో పనివాడు తన అలవాట్లన్నీ అక్కడే వదిలేస్తాడు. దారం ఎక్కడ మొదలైంది, ముడి ఎలా వేశాడు, ఒక రంగు నుంచి మరో రంగుకు పోయేటప్పుడు దారం తెంపాడా, పొదుపు కోసం అడ్డంగా లాగేశాడా, ఇవన్నీ అక్కడ కనబడతాయి. యుద్ధకాలపు జర్దోసి బ్యాడ్జీల వెనక మైదా జిగురుతో కాగితం అంటించడం మామూలు. ఆ కాగితం పాత పత్రిక ముక్క అయితే దాని లిపి తయారైన చోటు గురించి కొంత చెబుతుంది. అయితే పాత పత్రిక ఈరోజు కూడా కిలోల లెక్కన దొరుకుతుంది. కాబట్టి కాగితం ఒక్కదాన్నే నమ్మి సంబరపడకూడదు.

వెనకవైపు మరో రకం ఆధారం కూడా దొరుకుతుంది. అది వాడకం గుర్తు. చొక్కాకు కుట్టి, విప్పిన ముక్కకు అంచు చుట్టూ సూది రంధ్రాలు ఉంటాయి, ఆ రంధ్రాల్లో ఖాకీ దారమో, ఆకుపచ్చ దారమో పోగు ఇరుక్కుని ఉంటుంది. బర్మా యుద్ధం నడుస్తుండగా ఖాకీ పోయి అడవి ఆకుపచ్చ వచ్చింది. ఆ పోగు రంగు కూడా ఒక సాక్ష్యమే. అంచు మడత లోపలి రంగు, బయటి రంగు పక్కపక్కన పెట్టి చూడాలి. ఎండకు వెలిసినది బయటే కాబట్టి రెండింటికీ తేడా ఉండాలి. నాలుగు మూలల్లో తుప్పు మరకలు కనిపిస్తే కొత్తవాళ్లు పాడైపోయిందని పక్కన పెడతారు. అవి టిచ్ బటన్ల మరకలు. మన ఎండల్లో చొక్కా రోజూ చాకిరేవుకు పోవాల్సిందే. బండకేసి బాదితే ప్యాచ్ బతకదు. అందుకని చాలామంది టిచ్ బటన్లో, హుక్కులో పెట్టించుకుని, ఉతుకుకు వేసేముందు ప్యాచ్ ఊడదీసేవాళ్లు. యూరప్‌లో పోరాడినవాళ్ల ప్యాచ్‌ల మీద ఈ ఏర్పాటు అరుదు. తుప్పు మరక ఇక్కడ జన్మపత్రిక లాంటిది. చొక్కాతో సహా దొరికితే కాలరు లోపల నల్లజీడి గింజ రసంతో చాకలి పెట్టిన గుర్తు కోసం కూడా వెతకాలి. ఎన్ని ఉతుకులు పడినా అది చెరగదు.

కాలం తేల్చడానికి బొమ్మలోని కిరీటం బాగా పనికొస్తుంది. యుద్ధకాలపు బ్యాడ్జీ మీద ఉండేది రాజు కిరీటం, దాని పైకమ్ములు విల్లులా గుండ్రంగా పైకి లేస్తాయి. 1952లో ఆరో జార్జి చనిపోయి ఎలిజబెత్ వచ్చాక బ్రిటిష్ బ్యాడ్జీల మీద కమ్ముల నడుమ నొక్కినట్టుండే కిరీటం వచ్చింది. భారతదేశం 1950 జనవరి 26న గణతంత్రమైనప్పుడు కిరీటం స్థానంలో అశోకుడి సింహాలు చేరాయి. అంటే నొక్కిన కిరీటంతో భారత పటాలం యుద్ధకాలపు బ్యాడ్జీ అసలు ఉండటానికే వీల్లేదు. ఉందంటే తయారుచేసినవాడికి చరిత్ర రాదన్నమాట. డివిజన్ బొమ్మల్లో మాత్రం కిరీటం ఉండదు కాబట్టి ఈ సులువు అక్కడ పనిచేయదు. పైగా ఆ బొమ్మలు చావలేదు. బాకు, ఇస్పేటు ఆసు, నల్ల పిల్లి, పులి, బంగారు బాణం గుర్తులను నేటి భారత సైన్యం డివిజన్లు ఇప్పటికీ వాడుతున్నాయి. స్వాతంత్ర్యం తర్వాత కాశ్మీర్‌లో లేచిన 19వ డివిజన్‌ది కూడా డాగరే. కాబట్టి డాగర్ ప్యాచ్ దొరికిందంటే అది మాండలేదీ కావచ్చు, కాశ్మీర్‌లోని బారాముల్లాదీ కావచ్చు.

అప్పుడు దారాన్ని అడగాలి. యుద్ధకాలపు ముక్కలో ఉండాల్సింది నూలు, పట్టు, ఉన్ని, లోహపు తీగ. పాలియెస్టర్ ఉండకూడదు. ఇందులో ఒక తమాషా ఉంది. బ్రిటన్‌లో అచ్చు ప్యాచ్‌లు తయారుచేసి, సేకరించేవాళ్లకు సి.పి.ఎ. ముద్రతో పరిచయమైన సంస్థ మాంచెస్టర్‌లోని కాలికో ప్రింటర్స్ అసోసియేషన్. 1941లో ఆ సంస్థ ప్రయోగశాలలోనే విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు పాలియెస్టర్ పోగును కనిపెట్టారు. అది బట్టల అంగళ్లదాకా వచ్చేసరికి యుద్ధం ముగిసి ఏళ్లు గడిచాయి. యుద్ధపు ప్యాచ్‌లు అచ్చేసిన సంస్థే, ముందుముందు నకిలీ ప్యాచ్‌లను పట్టిచ్చే పోగును కూడా లోకానికిచ్చింది.

పాలియెస్టర్‌ను పట్టుకోవడానికి ఊడిన పోగు ఒకటి చాలు. ప్యాచ్ నుంచి పీకకూడదు. నూలు పోగు కాలితే కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద రాలుతుంది. ఉన్ని, పట్టు కాలితే వెంట్రుక కాలిన కమురు వస్తుంది. పాలియెస్టర్ కరిగి నల్లటి గట్టి ఉండ అవుతుంది. రెండో పరీక్ష, దొంగనోట్లు పట్టడానికి వడ్డీ వ్యాపారులు, బంగారు అంగళ్లవాళ్లు బల్ల కింద పెట్టుకునే అల్ట్రావయొలెట్ లైటు. ఈ కాలపు తెల్ల దారం దాని కింద నీలంగా భగ్గుమంటుంది, పాత నూలు మసకగా ఉండిపోతుంది. పాత రోజుల్లో తెలుపు కోసం పెట్టిన నీలిమందు ఈ లైటుకు మెరవదు. ఈ లైటును గుడ్డిగా నమ్మినవాళ్లు మాత్రం రెండువైపులా మోసపోయారు. మెరుపు మందు కలిసిన ఇప్పటి సబ్బుపొడితో ఇల్లాలు ఒక్కసారి ఉతికితే నిఖార్సయిన 1943 నాటి ముక్క కూడా మెరుస్తుంది. నకిలీ చేసేవాడు తెలివైనవాడైతే పాత నూలు దారమే వెతికి కుడతాడు, అది మెరవదు. మెరిస్తే అనుమానించాలి, మెరవకపోతే ఇంకా చూడాలి, అంతవరకే.

లోహపు తీగకు కాలం మచ్చ పెడుతుంది. వెండి మలాము చేసిన రాగి తీగ ఏళ్లు గడిచేకొద్దీ నల్లబడుతుంది, చెమట తగిలినచోట చిలుము పట్టి పచ్చగా అవుతుంది. ఆ మార్పు ఎప్పుడూ సమంగా ఉండదు. ఉబ్బెత్తు మీద రాపిడికి తీగ మెరుస్తూ ఉంటుంది, గుంటల్లో నల్లగా ఉంటుంది. ముక్క అంతా ఒకే నలుపు పరుచుకుని ఉంటే రసాయనంలో ముంచారని అర్థం. ప్లాస్టిక్ పూత పూసిన ఇప్పటి అల్యూమినియం జరీ అయితే అసలు నల్లబడదు. గుడ్డకు పాతదనం తేవడానికి టీ డికాషన్‌లో ముంచడం నకిలీవాళ్ల పాత చిట్కా. దాన్ని పట్టడానికి తరచుగా ముక్కే చాలు, చాలకపోతే భూతద్దం ఉంది. ప్రొద్దుటూరు కంసాలి పదింతలు చూపించే భూతద్దంతో నగ అతుకు చూసినట్టే దారం మెలికను చూస్తే డికాషన్ మరక పోగు లోపలి మెలికలదాకా సమంగా దిగి ఉంటుంది. ఎండ వెలిసింపు పైపైనే ఉంటుంది.

ఇంతా చేసి, పనితనం చూసి మాత్రమే కాలం చెప్పడం అసాధ్యం. వారణాసిలోని జర్దోసి పనివాళ్లు ఇవాళ్టికీ దేశదేశాల సైన్యాలకు బ్యాడ్జీలు కుడుతున్నారు. సరిహద్దు అవతల సియాల్‌కోట్ కూడా ఆ పనికి పేరుమోసింది. చెయ్యి అదే, మగ్గం అదే, వేసే కుట్టు కూడా అదే. నమూనా అని చెప్పి అమ్మితే అది మర్యాదైన వ్యాపారం. యుద్ధకాలపుదని చెప్పి అమ్మితే మోసం. చాలాసార్లు మొదటి అమ్మకం మర్యాదగానే జరుగుతుంది, మూడో చెయ్యి మారేసరికి పుట్టుక మాసిపోతుంది. వియత్నాం యుద్ధంలో సైగాన్ బజార్లలో కుట్టిన అమెరికా ప్యాచ్‌ల విషయంలో ఇది ఎంత ముదిరిందంటే, ఈరోజు చలామణిలో ఉన్నవాటిలో ఏవి అసలువో చెప్పడానికి అనుభవజ్ఞులు కూడా తడబడతారు.

అమెరికా ప్యాచ్‌ల మాట వచ్చింది కాబట్టి చైనా-బర్మా-ఇండియా రంగం గుర్తు గురించి కూడా చెప్పాలి. భారతదేశంలో స్థానికంగా కుట్టినవాటిలో ప్రపంచమంతా ఎక్కువగా సేకరించేది దీన్నే. డాలు ఆకారం, పైన నీలి పట్టీలో ఒకవైపు చైనా సూర్యుడు, మరోవైపు భారత నక్షత్రం, కింద ఎరుపు తెలుపు నిలువు చారలు. అమెరికా మిల్లు ముక్కల మీద బొమ్మ అచ్చుగుద్దినట్టు ఉంటుంది. మన బజారులో పట్టు మీద, ఉన్ని మీద, తోలు మీద, జర్దోసితో చేసినవాటిలో సూర్యుడికి ఉండాల్సిన పన్నెండు కిరణాల లెక్క తప్పడం, చారలు ఒకటి తగ్గడం, నక్షత్రం ఓ పక్కకు ఒరగడం మామూలు. అంచును గుండ్రంగా మందపాటి దారంతో మూసేసిన ముక్క అయితే సందేహించాలి. ఆ రకం యంత్రపు అంచు ప్యాచ్‌ల మీద వాడుకలోకి వచ్చింది 1960ల తర్వాతే.

తప్పుల్ని తప్పులుగా చూడకపోవడం ఈ విద్యలో అసలు మెట్టు. కడపలో ఉద్యోగం చేసిన సి. పి. బ్రౌన్ వేమన పద్యాలకు ఊరూరి తాళపత్ర ప్రతులు తెప్పించి పక్కపక్కన పెట్టి చదివించాడు. ప్రతికో పాఠం. లేఖకుడి చేతిలో మారిన అక్షరాన్ని బట్టి ఏ ప్రతి దేనికి చుట్టమో తేలేది. బజారు ప్యాచ్‌లనూ అలాగే చదవాలి. పదకొండు కిరణాల సూర్యుడు రెండు ముక్కల మీద కనబడి, వెనక దారం ముడి కూడా ఒకేలా ఉంటే, రెండూ ఒకే దుకాణం నుంచి వచ్చాయని అనుకోవచ్చు. అందులో ఒకదానికి యజమాని పేరు, తేదీ తెలిస్తే రెండోదానికి కూడా చిరునామా దొరికినట్టే. ఒక్క ముక్కను ఎంతసేపు చూసినా తెలియని సంగతి పది ముక్కలు బల్ల మీద పరిస్తే తెలుస్తుంది. అచ్చు పుస్తకాల్లో బ్రిటన్, కామన్వెల్త్ గుర్తులన్నిటినీ ఒకచోట చేర్చిన హోవర్డ్ కోల్ పుస్తకం 1973లో వచ్చింది. బొమ్మ ఏ డివిజన్‌దో చెప్పడానికి అది చాలు, కుట్టిన చెయ్యి ఎవరిదో చెప్పడానికి చాలదు. ఆ దర్జీల పేర్లు ఏ రికార్డులోనూ ఎక్కలేదు. లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం దగ్గర ఈ గుర్తుల పెద్ద సేకరణ ఉంది, అందులోనూ డివిజన్ పేరు ఉంటుంది గానీ కుట్టినవాడి పేరు ఉండదు.

విలువ కట్టేటప్పుడు మనవాళ్లు అరుదైనదా, మామూలుదా అని మాత్రమే అడుగుతారు. దానికన్నా ముందు అడగాల్సింది, ఎవరి చొక్కా మీద ఉండేదని. చిరిగి, వెలిసి, టిచ్ బటన్ తుప్పు పట్టిన డాగర్ ముక్క ఒకటి ఉంది అనుకుందాం. దానితోపాటు డిశ్చార్జి పుస్తకం, 1941 డిసెంబరు నుంచి 1945 సెప్టెంబరు దాకా ఆ రంగంలో పనిచేసినవాళ్లకిచ్చిన బర్మా స్టార్, స్టూడియోలో తీయించుకున్న ఫొటో ఉంటే, నిగనిగలాడే విడి బులియన్ బ్యాడ్జీ దాని పక్కన దిగదుడుపే. పశ్చిమ గోదావరిలో ఇంటికో సైనికుడున్న మిలిటరీ మాధవరం లాంటి ఊరు కడప జిల్లాలో లేకపోవచ్చు. ఇక్కడి మాధవరం పేరు పట్టుచీరలతో ముడిపడింది. అయినా మద్రాసు–బొంబాయి రైలు మార్గం మీదున్న ముద్దనూరు నుంచి పట్టాలు పట్టుకుని పోయినవాళ్లు, బెంగళూరులోని మద్రాస్ సాపర్స్‌లోనో, మద్రాస్ రెజిమెంటులోనో చేరినవాళ్లు ఉన్న ఇళ్లలో ట్రంకు పెట్టె అడుగున ఇలాంటి ముక్క ఉండే వీలుంది. పాతసామాన్లవాడికి అది చింకిగుడ్డ, అంతే.

దొరికినదాన్ని కాపాడుకోవడం మన వాతావరణంలో పెద్ద పనే. ఉతకకూడదు. బజారు రంగు నీళ్లు తగిలితే పక్క రంగులోకి దిగుతుంది. ఇస్త్రీ పెట్టకూడదు, జర్దోసి తీగ నలిగితే మళ్లీ లేవదు. ఫ్రేము కట్టించేవాళ్లు ఫెవికాల్‌తో అట్టకు అంటిస్తారు, అంతకన్నా ద్రోహం లేదు. వెనకవైపు సాక్ష్యమంతా ఆ జిగురులో సమాధి అవుతుంది. మెత్తటి ప్లాస్టిక్ కవర్లు ఎండకు చెమర్చి లోహాన్ని తింటాయి. రబ్బరు బ్యాండు తగిలినచోట వెండి నల్లబడుతుంది. ఉన్ని ముక్కకు పురుగు భయం, మైదా జిగురు కాగితానికి సిల్వర్ ఫిష్ భయం. కలరా ఉండలు పెట్టెలో వేయవచ్చు గానీ గుడ్డకు తగలకుండా వేరే మూటలో వేయాలి. ఉతికి గంజి పోగొట్టిన మల్లు గుడ్డలో మడత లేకుండా చుట్టి, అట్టపెట్టెలో, వంటింటికీ పైకప్పుకూ దూరంగా పెడితే కడప ఎండాకాలాన్ని దాటుతుంది.

చట్టం గురించి రెండు మాటలు. పాత ప్యాచ్ దగ్గర ఉంచుకోవడం తప్పేమీ కాదు. సైనికుడినని ఎదుటివాడు నమ్మాలన్న ఉద్దేశంతో సైన్యపు దుస్తులు, గుర్తులు వేసుకుని తిరగడం భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద నేరం. ఇందాక చెప్పినట్టు డాగర్, ఇస్పేటు ఆసు ఇప్పటి సైనికులు భుజాన వేసుకునే గుర్తులు కూడా కాబట్టి వాటిని చొక్కాకు కుట్టుకుని సరదా పడటం మానుకోవాలి. మరొకటి, 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువులకు వర్తిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధపు గుర్తులు ఆ వయసు దాటాయి. విదేశీ కొనుగోలుదారు ఎంత ఆశపెట్టినా వాటిని దేశం దాటించే ముందు అనుమతి సంగతి కనుక్కోవాలి.

పెట్టెలో చొక్కా దొరికితే ప్యాచ్ కత్తిరించకండి. ముందు చొక్కాతో సహా ముందూ వెనకా ఫొటో తీసి, పక్కన స్కేలు పెట్టి మరొకటి తీయండి. తర్వాత ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అది ఎవరిది, ఏ పటాలం, ఏ ఏడు వెళ్లాడు, ఎప్పుడు తిరిగొచ్చాడు అడిగి ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, ఆ చొక్కా జేబులోనే పెట్టండి.